ఇంట్లో రికార్డింగ్: ఫ్యాన్ చప్పుడు పోవాలి, గొంతు మిగలాలి

"అన్నా, ఫ్యాన్ సౌండ్ తీసే మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పు." హన్మకొండ, కరీంనగర్, సిరిసిల్ల, ఏ ఊరైనా సరే, ఇంట్లోనే పాటలు, కథలు, పాఠాలు రికార్డు చేసుకునేవాళ్లు కలిస్తే ముందు అడిగేది ఇదే. యాప్‌లకు కొదవ లేదు. కొన్ని ఫ్రీగా దొరుకుతాయి, నిజంగా పనిచేస్తాయి కూడా. అయితే యాప్ పేరు కన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ చప్పుడు మన గొంతుతో ఎలా కలిసిపోయిందన్నది. అది అర్థమైతే ఏది తీయగలమో, ఏది తీయలేమో, తీసినప్పుడు గొంతులోంచి ఏం పోతుందో మనకే తెలిసిపోతుంది.

మైకులో ఒక పల్చటి పొర ఉంటుంది. గాలి ఒత్తిడి మారినప్పుడల్లా అది కదులుతుంది. ఆ కదలికను ఫోను సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఒక్కో క్షణానికి ఒక్కటే అంకె. అమ్మ పాడితే పొర ఎంత కదిలిందో, ఫ్యాను గాలికి ఎంత కదిలిందో, బయట పోయే ఆటోకు ఎంత కదిలిందో వేరువేరుగా ఎక్కడా నమోదు కాదు. అన్నీ కూడి ఒకే అంకెగా ఫైల్లో పడతాయి. అక్కడ 12 అని ఉందనుకోండి. గొంతు 7, ఫ్యాను 5 కావచ్చు. గొంతు 9, ఫ్యాను 3 కావచ్చు. గొంతు 15, ఫ్యాను మైనస్ 3 కూడా కావచ్చు. మొత్తం మాత్రమే మిగిలింది, లెక్క పోయింది.

కాబట్టి నాయిస్ తీసే ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేసేది అంచనా. ఈ 12లో ఫ్యానుది ఎంత ఉండొచ్చో ఊహించి అంత తగ్గిస్తుంది. ఊహ బాగుంటే గొంతు బతుకుతుంది. ఊహ తప్పితే గొంతు కూడా తగ్గుతుంది. ఈ విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

చాలామందికి ఇక్కడ హెడ్‌ఫోన్లు గుర్తొస్తాయి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బస్సు చప్పుడు పోతుంది కదా, అదే పని ఫైలు మీద ఎందుకు జరగదు అని అడుగుతారు. హెడ్‌ఫోన్‌కు ఒక సౌకర్యం ఉంది. బయటి చప్పుడును వినడానికి దానికి విడిగా మైకు ఉంటుంది, మనం వినాల్సిన పాట విడిగా వైరులోంచో బ్లూటూత్‌లోంచో వస్తుంది. రెండూ దానికి వేరువేరుగానే తెలుసు. అందుకే చప్పుడుకు సరిగ్గా వ్యతిరేక తరంగం పుట్టించి దాన్ని కొట్టేయగలదు. మన రికార్డింగులో ఆ రెండూ అప్పటికే కలిసిపోయాయి.

అంచనా ఎలా వేస్తారు

కూడిన అంకెలను నేరుగా చూస్తే ఏమీ తేలదు గాని, వాటిని స్థాయిలుగా విడగొడితే కొంత తేలుతుంది. స్థాయి అంటే ఇక్కడ ధ్వని ఎంత గట్టిగా ఉందన్నది కాదు, ఎంత సన్నగా లేదా బొంగురుగా ఉందన్నది, అంటే ఫ్రీక్వెన్సీ. దాన్ని హెర్ట్జ్‌లలో, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టి చెబుతారు. సాఫ్ట్‌వేర్ రికార్డింగును చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. 2048 అంకెల ముక్క అనుకుంటే అది సుమారు 46 మిల్లీసెకన్లు. ఆ ముక్కలో ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో లెక్క కడుతుంది. ఆ లెక్కకు పునాది వేసింది 19వ శతాబ్దపు ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫోరియర్. కంప్యూటర్‌లో దాన్ని వేగంగా చేసే పద్ధతిని 1965లో జేమ్స్ కూలీ, జాన్ టూకీ అనే ఇద్దరు అమెరికా గణిత శాస్త్రవేత్తలు ప్రచురించారు. అలా ఒక్కో ముక్క వెయ్యికి పైగా సన్నని పట్టీలుగా విడిపోతుంది. ప్రతి పట్టీ సుమారు 21 హెర్ట్జ్ వెడల్పు.

ఆడాసిటీ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్ వ్యూ పెడితే ఇది కళ్లకే కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్థాయి. సీలింగ్ ఫ్యాను కింద ఒక అక్క పాడిన బతుకమ్మ పాట తెరిచి చూడండి. తెర మొత్తం మీద సన్నటి పొగలా పరుచుకుని ఉండేది ఫ్యాను రెక్కల గాలి. అడుగున 100 హెర్ట్జ్ దగ్గర ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసినట్టు ఉండేది మోటారు హమ్. ఆ పొగ మీద నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి వంకరలు తిరుగుతూ కనబడేవి అక్క గొంతులోని స్వరాలు. మధ్యలో కాజీపేట వైపు నుంచి రైలు కూత వస్తే అది కదలని మెట్లుగా కాసేపు నిలబడి పోతుంది. "ఉయ్యాలో" దగ్గర మెట్లు సాగుతాయి, ఊపిరి తీసుకున్నచోట మాయమవుతాయి, పొగ మాత్రం అలాగే ఉంటుంది.

ఊపిరి తీసుకున్న ఆ ఖాళీయే సాఫ్ట్‌వేర్‌కు దొరికిన ఆధారం. అక్కడ గొంతు లేదు, ఉన్నదంతా ఫ్యానే. ఆ ముక్కను చూపించి "ఇదే చప్పుడు, దీని కొలతలు రాసుకో" అంటే ప్రతి పట్టీలో ఫ్యాను ఎంత ఉందో అది గుర్తుపెట్టుకుంటుంది. దీన్నే నాయిస్ ప్రొఫైల్ అంటారు. తర్వాత పాట మొత్తం మీద ప్రతి పట్టీలో అంత మేరకు తగ్గించుకుంటూ పోతుంది. మాటల రికార్డింగులకు ఇలా తీసివేసే పద్ధతిని స్టీవెన్ బోల్ 1979లో వివరంగా ప్రచురించాడు. తర్వాత చాలా మెరుగులు దిద్దారు గాని, మూలం ఇదే.

ఈ పద్ధతిలోనే దాని బలహీనత కూడా ఉంది. ఫ్యాను చప్పుడు సగటున ఒకేలా ఉన్నా, క్షణక్షణానికి కొంచెం ఎక్కువ తక్కువలు ఉంటాయి. సగటు తీసేశాక, ఎక్కడ కాస్త ఎక్కువైందో అక్కడ చిన్న తునకలు మిగులుతాయి. అవి ఒక పట్టీలో పుట్టి మరుక్షణం చచ్చి, ఇంకో పట్టీలో పుడతాయి. చెవికి నీటి బుడగలు చిటుకుమన్నట్టు, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. ఇంజనీర్లు దీన్ని మ్యూజికల్ నాయిస్ అంటారు. అసలు ఫ్యాను చప్పుడు కన్నా ఇదే ఎక్కువ చిరాకు పెడుతుంది. ఎందుకంటే ఆగకుండా ఒకేలా వచ్చే చప్పుడును మన మెదడు కాసేపటికి పక్కన పెట్టేస్తుంది, మారుతూ ఉండే దాన్ని మాత్రం పక్కన పెట్టలేదు.

అన్ని చప్పుళ్లూ ఒకటి కావు

ఫ్యాను, కూలర్, ఫ్రిజ్, పాత క్యాసెట్లలో సుయ్‌మనే టేపు హిస్ ఇవన్నీ నిలకడైన చప్పుళ్లు. పైన చెప్పిన పద్ధతి వీటికోసమే పుట్టింది. కుక్క అరుపు, కుక్కర్ విజిల్, బైకు హారన్ ఒక్కసారి వచ్చి పోయేవి. వీటికి ప్రొఫైల్ పనికిరాదు. మాటల మధ్య ఖాళీలో పడితే కోసేయొచ్చు. మాట మీదే పడితే ఆ వాక్యం మళ్లీ చెప్పించుకోవడమే మేలు. రికార్డు చేస్తున్నప్పుడే కుక్క మొరిగితే ఆగి, ఒక్క చప్పట్లు కొట్టి, వాక్యం మొదటి నుంచి అందుకోవాలి. ఎడిటింగ్ చేసేటప్పుడు ఆ చప్పట్లు తెర మీద నిలువు గీతలా కనబడుతుంది, వెతుక్కునే పని తప్పుతుంది.

సిరిసిల్ల సాంచాల సంగతి వేరు. పక్కింట్లో మరమగ్గాలు నడుస్తుంటే వినేవాడికి అది ఆగని మోతే. కానీ స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తే అది పొగ కాదు, దగ్గరదగ్గరగా నిలబెట్టిన కంచె. ప్రతి దెబ్బకూ తెర కింది నుంచి పైదాకా ఒక నిలువు గీత, గీతకూ గీతకూ మధ్య కొంచెం ఖాళీ. ప్రొఫైల్ ఈ దెబ్బలనూ ఖాళీలనూ కలిపి సగటు తీస్తుంది. ఆ సగటుతో తీసేస్తే దెబ్బ దగ్గర చాలదు, ఖాళీ దగ్గర ఎక్కువవుతుంది. దెబ్బలు మిగిలిపోతాయి, మధ్యలో గొంతు నలుగుతుంది. పైగా సాంచాల అదురు నేల మీదుగా, గోడల మీదుగా వచ్చి స్టాండులోంచి మైకుకు ఎక్కుతుంది. స్టాండు కింద నాలుగు మడతలు పెట్టిన గొంగడి వేస్తే ఆ అదురు చాలావరకు తగ్గుతుంది. గాలిలో వచ్చే మోతకు మాత్రం సాంచాలు ఆగిన పూట చూసుకోవడం తప్ప నాకు తెలిసి వేరే దారి లేదు.

హమ్ విషయంలో చాలామంది తికమక పడతారు. మన కరెంటు 50 హెర్ట్జ్. అయస్కాంత బలం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది కాబట్టి మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు 100 దగ్గర గుయ్‌మంటాయి. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంటే ఆ మోత ఇంకా పెరుగుతుంది. ఆ కరెంటులో 50తో పాటు 150, 250, 350 లాంటి బేసి గుణిజాలు కూడా ఉండడమే కారణం. ఇది గాలిలోంచి వచ్చే హమ్. ఇంకోటి వైరులోంచి వస్తుంది. గదిలో చెవికి ఏమీ వినబడదు, రికార్డింగులో మాత్రం జుయ్ అని ఉంటుంది. అప్పుడు ముందు చేయాల్సిన పని లాప్‌టాప్ చార్జర్ ప్లగ్గు పీకి బ్యాటరీ మీద నడపడం. పాత ఇళ్లలో మూడో పిన్నుకు ఎర్త్ సరిగా ఉండదు, చార్జర్‌లోంచి వచ్చే లీకేజీ నేరుగా మైకు వైరులోకి ఎక్కుతుంది. ప్లగ్గు పీకగానే పోతే జబ్బు తెలిసినట్టే, సాఫ్ట్‌వేర్‌తో పని లేదు.

ఉన్న హమ్‌ను తీయాల్సి వస్తే "కింది స్థాయిలన్నీ కోసేద్దాం" అనుకోవద్దు. మగవాళ్ల గొంతు అడుగు స్థాయే 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 200 కింద అంతా కోస్తే తాత గొంతు కాస్తా ఫోన్‌లో వినబడే గొంతులా పల్చబడుతుంది. 80 కింద కోయొచ్చు, అక్కడ మాటకు అవసరమైనది దాదాపు ఉండదు. ఆపైన 100, 150 దగ్గర సన్నగా మాత్రమే కోయాలి. దీనికి నాచ్ ఫిల్టర్ వాడతారు.

ఇక ప్రతిధ్వని. దీన్ని చాలామంది నాయిస్ అనుకుంటారు గాని ఇది మన గొంతే. స్లాబ్ ఇల్లు, గ్రానైట్ నేల, ఖాళీ గోడలు. మాట గోడకు కొట్టుకుని, నేలకు కొట్టుకుని, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా మళ్లీ మైకుకు చేరుతుంది. ఇది మాటతో పాటే పుట్టి మాటతో పాటే మారుతుంది, కాబట్టి దీనికి ప్రొఫైల్ తీయడానికి ఖాళీ ఎక్కడా దొరకదు. దీనికోసం డీ-రివర్బ్ అనే టూల్స్ ఉన్నాయి, ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తాయి. నా లెక్కలో ఫ్యాను చప్పుడు ఉండి గది మెత్తగా ఉన్న రికార్డింగు, చప్పుడు లేకుండా గది గంగాళంలా మోగే రికార్డింగు కన్నా ఎంతో నయం. మొదటిదాన్ని బాగుచేసుకోవచ్చు.

మాట చివర ఏం పోతుంది

నాయిస్ గేట్ అని ఇంకో టూల్ ఉంది. ధ్వని ఒక మట్టం కన్నా తగ్గితే పూర్తిగా మూసేస్తుంది, పెరిగితే తెరుస్తుంది. మాటల మధ్య ఖాళీలు నిశ్శబ్దంగా అవుతాయి, వినగానే శుభ్రంగా అనిపిస్తుంది. యూట్యూబ్ వీడియోల్లో దీన్ని వాడమని తెగ చెబుతుంటారు. తెలుగు మాటకు ఇది ఎంత ప్రమాదమో ఒక్క వాక్యంతో చూపించొచ్చు.

సిరిసిల్ల దిక్కు ఒక అవ్వ తన బతుకు చెబుతోంది. "కరువొచ్చిన ఏడు భీవండి పోయినం." భీవండి అంటే మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు. ఆమె గొంతు "కరువొచ్చిన" దగ్గర గట్టిగా మొదలవుతుంది, "భీవండి" దగ్గర నిలకడగా ఉంటుంది, "పోయినం" దగ్గరికి వచ్చేసరికి దిగిపోతుంది. మనం అందరం వాక్యం చివర గొంతు దించుతాం. చివరి సున్నా దాదాపు ముక్కులో అణిగిపోయే ధ్వని. గేటు మట్టం కాస్త ఎక్కువ పెడితే అది సరిగ్గా అక్కడే మూసుకుంటుంది. మిగిలేది "పోయిన". ఇల్లు ఇల్లంతా తరలిపోయిన మాట, ఆమె ఒక్కతే పోయినట్టు మారిపోయింది. వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు... ఎవరు, ఎందరు, ఆడా మగా అన్నదంతా మన మాటల్లో క్రియ చివరనే ఉంటుంది, గొంతు తగ్గేదీ అక్కడే. అందుకే గేటును నేను మాటల రికార్డింగులకు వాడొద్దంటాను. ఖాళీలు మరీ ఇబ్బంది పెడితే గేటుకు బదులు ఎక్స్‌పాండర్‌తో ఒక 8, 10 డెసిబెల్స్ తగ్గించుకుంటే చాలు. అది తలుపు మూసేయదు, దగ్గరికి వేస్తుంది.

ఇంకో నష్టం పై స్థాయిల్లో జరుగుతుంది. "స" పలికినప్పుడు వచ్చే ధ్వనిలో బలం ఎక్కువగా 5,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. దానికి స్వరం ఉండదు, అదీ ఒక రకం గాలి చప్పుడే. అంటే ఫ్యాను గాలికీ "స"కూ తేడా కనిపెట్టడం సాఫ్ట్‌వేర్‌కు కష్టం. ఎక్కువ తీసేస్తే సమ్మక్క, సారలమ్మ పేర్లలో మొదటి అక్షరమే మొద్దుబారి "థ"కు దగ్గరగా వినబడుతుంది. ఇలా అయిందా లేదా అని తెలుసుకోవడానికి ఆడాసిటీలో ఒక మంచి ఏర్పాటు ఉంది. నాయిస్ రిడక్షన్‌లో "రెసిడ్యూ" అని ఎంచుకుంటే, మిగిలిన పాట బదులు తీసేసిన చెత్త వినిపిస్తుంది. అందులో ఫ్యాను మాత్రమే వినబడితే సరే. ఆ చెత్తలో మాటలు గుసగుసల్లా వినబడుతున్నాయంటే గొంతును కోస్తున్నట్టే, తగ్గించాలి. 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఒకేసారి 12 తీయడం కన్నా, 6 చొప్పున రెండుసార్లు తీస్తే గొంతు తక్కువ దెబ్బతింటుంది. ఫ్యాను పూర్తిగా మాయం కానక్కర్లేదు. మాట కింద మెల్లగా ఉన్న చప్పుడును మాటే కప్పేస్తుంది.

రికార్డు నొక్కకముందే

నాకు అన్నిటికన్నా నమ్మకమైన నాయిస్ రిమూవర్ దూరం తగ్గించడం. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. టేబుల్ మీద 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన ఫోనును 15 సెంటీమీటర్లకు తెస్తే 12 డెసిబెల్స్ లాభం. ఫ్యాను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, దాని చప్పుడు పెరగదు. అంటే గొంతులో ఒక్క పోగు కూడా తెగకుండా, ఫ్యానును 12 డెసిబెల్స్ వెనక్కి నెట్టినట్టు. ప్రతిధ్వని కూడా అదే లెక్కన వెనక్కి పోతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ ఈ లాభం ఉచితంగా రాదు. ఊపిరి నేరుగా తగిలి "ప", "భ" దగ్గర డబ్‌మనకుండా మైకును నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకు పెట్టుకోవాలి.

మైకు కార్డియాయిడ్ రకమైతే అది వెనక వైపు తక్కువగా వింటుంది. కూలర్, కిటికీ, చప్పుడు చేసేది ఏదైనా మైకు వీపు వైపు ఉండేలా కూర్చోవాలి. చాలా ఇళ్లలో సరిగ్గా దీనికి తిరగేసి కూర్చుంటారు, వీడియోలో గోడ బాగా కనిపించాలని.

గది విషయానికొస్తే మన దగ్గర రెండు మంచి వస్తువులు ఉన్నాయి. ఒకటి కురుమలు నేసే ఉన్ని గొంగడి. ఇంకోటి వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా. దర్రీలన్నా ఇవే, ఈ వరంగల్ దర్రీలకు 2018లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. పాడేవాళ్ల వెనక ఒకటి, రెండు పక్కలా రెండు దండెం మీద వేలాడదీస్తే గది మోత స్పష్టంగా తగ్గుతుంది. గోడకు ఆనించకుండా జానెడో బెత్తెడో ఎడం ఉంచాలి. దానికి కారణం ఉంది. గోడను ఆనుకుని గాలి కదలదు, కదలని గాలిని గుడ్డ ఆపలేదు. ధ్వని తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో గాలి కదలిక ఎక్కువ. 1,000 హెర్ట్జ్ ధ్వని పొడవు సుమారు 34 సెంటీమీటర్లు, కాబట్టి గోడకు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల దూరంలో గుడ్డ ఉంటే అది బాగా పీలుస్తుంది. 100 హెర్ట్జ్‌కు అదే దూరం 85 సెంటీమీటర్లు. అందుకే గొంగళ్లు ఎన్ని కట్టినా మోటారు హమ్ తగ్గదు.

గుడ్డలు గది లోపలి మోతను పీలుస్తాయి తప్ప బయటి చప్పుడును ఆపవు. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించినా అంతే, అవి రెండింటికీ అంతంతమాత్రమే. బయటి చప్పుడును ఆపేది బరువు, సందులు లేకపోవడం. ఇటుక గోడ ఆపుతుంది, తలుపు కింది సందు మొత్తం లోపలికి పంపుతుంది. ఆ సందులో తడి తువ్వాలు చుట్టి పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. రేకుల ఇల్లు అయితే వాన పడుతున్నప్పుడు రికార్డింగ్ మానుకోవాలి.

వేళ కూడా చూసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు బంద్. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్ అయితే రాత్రి 45. పెళ్లిళ్ల సీజన్‌లో ఇది కాగితం మీదే ఉన్నట్టనిపించినా, మామూలు రోజుల్లో రాత్రి పదకొండు దాటాక, తెల్లవారుజామున కోయిలలు లేవకముందు దొరికే ప్రశాంతత పగలు దొరకదు. ఎండాకాలం ఫ్యాను లేకుండా ఎలా అంటారా, ఒక చరణం పాడేంతసేపు ఆపి, మళ్లీ వేసుకుని, మళ్లీ ఆపి పాడించడమే. పెద్దవాళ్లను ఉక్కలో గంటసేపు కూర్చోబెట్టవద్దు. వాళ్లకు ఇబ్బందైతే ఫ్యాను ఉండనివ్వండి, మైకును దగ్గరికి జరపండి. అయితే స్పీడు మాత్రం మధ్యలో మార్చొద్దు, మారిస్తే మొదట తీసిన ప్రొఫైల్ తర్వాతి భాగానికి పనికిరాదు.

ఏఐ చేసేది వేరే పని

ఇప్పుడు ఒక్క బటన్‌తో శుభ్రం చేసే ఏఐ టూల్స్ వచ్చాయి. వీటిలో రెండు జాతులు ఉన్నాయి. మొదటి జాతి పాత పద్ధతికి కొనసాగింపే. జాన్-మార్క్ వాలిన్ 2017లో విడుదల చేసిన ఆర్ఎన్‌నాయిస్ లాంటివి ధ్వనిని 22 పట్టీలుగా చూసి, ఏ క్షణంలో ఏ పట్టీని ఎంత తగ్గించాలో న్యూరల్ నెట్‌వర్క్‌తో నిర్ణయిస్తాయి. ఉన్నదాన్ని తగ్గిస్తాయి తప్ప లేనిదాన్ని కలపవు. నిమిష నిమిషానికి మారే చప్పుడును కూడా పట్టుకుంటాయి, అది వీటి గొప్పతనం.

రెండో జాతి మీ రికార్డింగును ఆధారంగా చేసుకుని గొంతును కొత్తగా తయారు చేస్తుంది. ఫలితం స్టూడియోలో పాడినట్టు ఉంటుంది. కానీ అది ఊహించి నింపిన గొంతు. తను ఎక్కువగా ఏ భాషలు వింటూ నేర్చుకుందో ఆ భాషల ఉచ్చారణ వైపు మొగ్గే ప్రమాదం దీనికి ఉంటుంది. పాఠం చెప్పే వీడియోకు, షాపు ప్రకటనకు దీన్ని నిక్షేపంగా వాడుకోవచ్చు. అమ్మమ్మ గొంతుకు మాత్రం వద్దు. ఆమె గొంతులోని జీర, పళ్లు లేని నోట్లోంచి వచ్చే గాలి, ఇవన్నీ ఆ టూల్‌కు చప్పుడు కిందే లెక్క. వాడాల్సి వస్తే ళ, ణ ఉన్న మాటలు ఏరి, అసలుదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వినండి. "కళ్లం" "కల్లం"గా మారిందేమో చూసుకోండి.

పాటల దగ్గర ఇంకో చిక్కు. ఈ టూల్స్‌లో చాలావాటికి నేర్పింది ఒక్కటే, మనిషి మాట ఉంచు, మిగతాది తీసేయ్. ఒగ్గు కథ రికార్డింగ్ ఇస్తే డోలు, తాళాలు, నఫీర అన్నీ దానికి నాయిసే. డోలు దెబ్బ తర్వాత సాగే నాదం కత్తిరించి పారేస్తుంది. వీడియో కాల్‌లో పాట వినిపిస్తే వాయిద్యం వచ్చి పోతున్నట్టు ఉండేది కూడా ఇందుకే. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" అని ప్రత్యేకంగా పెట్టింది ఈ తిప్పల వల్లనే. కథకుడు ఆగినచోట పక్క పాటగాడి వంత, జనం నవ్వు, బతుకమ్మ చుట్టూ చప్పట్లు ఇవి తీయాల్సిన చప్పుళ్లు కానే కావు. ఫ్యాను పోవాలి, ఇవి ఉండాలి, ఆ తేడా ఏ బటన్‌కూ తెలియదు. ప్రొఫైల్ పద్ధతి ఇక్కడ నయం, మనం చూపించిన చప్పుడునే అది వెతుకుతుంది.

పాత క్యాసెట్ల విషయంలోనూ ప్రొఫైలే మంచిది. టేపు హిస్ అంత నిలకడైన చప్పుడు ఇంకోటి లేదు. అయితే సాఫ్ట్‌వేర్ కన్నా ముందు టేప్ రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూను మెల్లగా తిప్పుతూ గొంతు ఎక్కడ అన్నిటికన్నా స్పష్టంగా వినబడుతుందో అక్కడ ఆపాలి. హెడ్ వంకర వల్ల పోయిన "స"లను తర్వాత ఎవరూ తేలేరు. ప్రొఫైల్‌ను టేపు మొదట్లో ఉండే ఖాళీ ప్లాస్టిక్ పట్టీ నుంచి కాక, రికార్డు అయిన భాగంలో మాటల మధ్య ఖాళీ నుంచి తీసుకోవాలి.

పని వరస కూడా ముఖ్యమే. ముందు 80 కింద కోత, తర్వాత హమ్, తర్వాత నాయిస్ రిడక్షన్, ఆ తర్వాతే స్థాయిలను పెంచి తగ్గించే ఈక్వలైజర్, ఆపైన కంప్రెసర్. కంప్రెసర్ చిన్న ధ్వనులను పెద్ద ధ్వనుల దగ్గరికి లాక్కొస్తుంది. దాన్ని ముందు పెడితే ఫ్యాను గొంతుకు సమానంగా లేచి కూర్చుంటుంది. ఫోన్‌లో ధ్వని తగ్గగానే తనంతట తనే పెంచే ఆటోమేటిక్ గెయిన్ ఆన్‌లో ఉంటే జరిగేదీ ఇదే, మాట ఆగగానే ఫ్యాను ఉప్పెనలా పైకొస్తుంది. యాప్‌లో దాన్ని ఆపే సెట్టింగ్ ఉంటే ఆపండి. రికార్డు చేసిన పాటను వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపొద్దు, ఫైలుగా డాక్యుమెంట్‌లో పెట్టి పంపాలి. వాయిస్ మెసేజ్ మాటకు సరిపడా మాత్రమే ఉంచి మిగతాది కుదించేస్తుంది, ఆ కుదించినదాని మీద నాయిస్ తీయడం రెట్టింపు నష్టం.

చివరగా అసలు ఫైలు. శుభ్రం చేసిన కాపీని ఎవరికైనా పంపండి, యూట్యూబ్‌లో పెట్టండి. ముట్టని అసలు ఫైలును మాత్రం కుదించని డబ్ల్యూఏవీ (WAV) రూపంలో రెండు చోట్ల దాచండి. 48,000 హెర్ట్జ్, 24 బిట్, ఒకే ఛానల్ అయితే గంటకు సుమారు 518 ఎంబీ, ఈ రోజుల్లో అది పెద్ద బరువేమీ కాదు. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ ఫైలు పేరులోనే రాసుకోండి. పాట మొదలవకముందు అందరూ ఊరుకున్న పది సెకన్ల ఖాళీ ఉంటుంది చూడండి, అందులో ఏమీ లేదు కదా అని దాన్ని కత్తిరించొద్దు. ఆ రోజు ఆ గదిలో ఒక్క ఫ్యానే మోగిన ముక్క అది. రేపు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ వచ్చినా, లెక్క కట్టడానికి దానికీ ఆ పది సెకన్లే కావాలి.